ఎలుక కోసం పని ఆగితే

ఈసారి కాంక్రీటు ముచ్చట కాదు, అడవి ముచ్చట.

ఇంగ్లండ్‌లో సైటు పని చేసేవాళ్లకు ఇది తెలిసే ఉంటది. పొదలు కొట్టి చదును చేద్దామని మిషన్ దించగానే ఎకాలజిస్టు వచ్చి ఆపమంటాడు. డార్మౌస్ గూడు దొరికిందట. మా గ్యాంగులో ఒక తమ్ముడు, "బొటనవేలంత ఎలుక కోసం నా కూలి పోవాలా అన్నా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

అందుకే మొన్న సెలవు రోజు నలుగురిని కెంట్‌లో క్యాంటర్‌బరీ దగ్గరున్న వైల్డ్‌వుడ్‌కి తీసుకెళ్లాను. 1999లో తెరిచిన పార్కు, అడవి మధ్యలోనే ఉంటది. సింహాలు, ఏనుగులు ఉండవు. ఈ నేలవి, ఒకప్పుడు ఇక్కడ బతికి పోయినవి మాత్రమే: బ్యాడ్జరు, నీటికుక్క, తోడేలు, ఎలుగు, బీవరు. బీవరు పళ్లతో చెట్టు కొరికి, కొమ్మలు, బురద వేసి వాగుకు అడ్డుకట్ట కడుతుంది. "లెవెల్ చూడకుండానే కడతదా?" అని మావాళ్లు నవ్వారు. తోలు కోసం వేటాడి 16వ శతాబ్దం నాటికి బ్రిటన్‌లో దాన్ని లేకుండా చేశారు. ఇప్పుడు మళ్లీ తెచ్చి వదులుతున్నారు.

డార్మౌస్ రాత్రి తిరిగే జీవి, మాకు కనబడలేదు. బరువు రెండు పౌండు బిళ్లలంత. ఎండాకాలం పొదల్లో గూడు కడుతుంది, చలికాలమంతా నేలమీద ఆకుల కింద నిద్రపోతుంది. అందుకే చలికాలంలో పొదలు పైపైన చేత్తో కొట్టి, అది లేచి వెళ్లాక, మే నెలలో వేళ్లు తీయిస్తారు. "ఒకే పని రెండుసార్లు ఎందుకు" అని మనం విసుక్కునేది దీనికే. పొదలు తగ్గి చాలా కౌంటీల్లో ఇది కనుమరుగైంది. 1993 నుంచి పెంచి అడవుల్లో వదులుతున్నారు, ఆ పనిలో వైల్డ్‌వుడ్ చెయ్యి కూడా ఉంది.

తమ్ముడికి నేను చెప్పిందిదే: కూలి పోగొట్టింది ఎలుక కాదు. సర్వే ముందే చేయించి, ఆ నెలలు షెడ్యూల్లో వదిలితే పని ఆగదు. ఆగిన రోజుకు కూలి ఇస్తారా లేదా అన్నది పనిలో చేరేటప్పుడే అడిగి, కాగితం మీద రాయించుకోండి. టేపు కట్టిన చోట అడుగు పెట్టకండి. గూడు కనబడితే మిషన్ ఆపి సూపర్‌వైజర్‌కి చెప్పండి. దాన్ని తెలిసి చెడగొడితే జరిమానా, జైలు దాకా పోవచ్చు. ఆ కేసు మిషన్ నడిపినవాడి మీదకూ రావచ్చు.

ఉంటాను మరి. చలికి జాగ్రత్త.