డ్రిల్లింగు యంత్రముతో మిల్లింగుపని



గుంటూరు, ప్రకాశము జిల్లాలలోని ప్రత్తి జిన్నింగు మిల్లుల ఇరుసులకును, కారపుమరల చక్రములకును కీ గాడులు తీయు పని మన ఇంటి పనిశాలలకు వచ్చుచుండును. మిల్లింగు యంత్రమును కొనజాలని వారము, డ్రిల్లింగు యంత్రమునకే మిల్లింగు కట్టరు బిగించి పని గడుపుకొనుచున్నాము. ఇందలి అపాయమును మనవి చేయుదుము.

ఆ యంత్రము క్రిందికి ఒత్తి రంధ్రము చేయుటకు నిర్మింపబడినది, ప్రక్కతోపుడునకు తాళదు. దాని చక్కు తరచుగా టేపరు బిగువుచేతనే నిలుచును. ప్రక్కతోపుడును అదురును కలిసినచో సడలి, తిరుగుచునే ఊడిపడును. మా పనిశాలయందే ఒకనాడిట్లు ఊడిన చక్కు మా ముఖమునకు జానెడు దూరమున దూసికొనిపోయినది. మిల్లింగు యంత్రమునందు కోలెట్టు కట్టరును చుట్టును పట్టుకొనగా, డ్రాబారు ఆ కోలెట్టును పైకి లాగి బిగించి యుంచును. 1938లో అమెరికాలో వెలువడిన బ్రిడ్జిపోర్టు యంత్రము ఇట్టిదే.

కావున ఉక్కుపై ఈ సాహసము వలదు. కొయ్యనైనను, అల్యూమినియమునైనను వైసులో బిగించి, కండ్లద్దములు ధరించి, మిక్కిలి పలుచని పొరలుగా మాత్రమే తీయవలెను. పనివానికి చేతులే మాన్యము. పోషకులు పూనుకొని ఊరికొక ఉమ్మడి మిల్లింగు యంత్రమును సమకూర్చినచో మన చేతులును, మన పనికి గల పేరును నిలుచునని విన్నవించుకొనుచున్నాము.