అసలు ఒక్కటే ఉంటే చాలదు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులోని సమాచారాన్ని ఎట్లా కాపాడుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము ఇంజనీర్లం కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే ఇది యంత్రం సంగతి మాత్రమే కాదు, మన కాగితాల సంగతి. బీద పిల్లల ఉపకార వేతనాల జాబితా, వితంతువుల సహాయ నిధి లెక్క, జకాత్ జమాఖర్చులు, ఇవన్నీ ఇప్పుడు రిజిస్టర్లలో కాక కంప్యూటర్లలోనే ఉంటున్నాయి.

అసలు, నకలు అనే రెండు మాటలూ ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చినవే. కచేరీ మనుషులకు ఈ రెండింటి విలువ బాగా తెలుసు. అసలు కాగితం ఎంత గట్టిదైనా నకలు లేకపోతే అది చెదల దయ మీద, నీటి దయ మీద బతుకుతుంది.

నీటి సంగతి హైదరాబాదు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఏం చేసిందో మన తాతముత్తాతల నోట విన్నాం. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురిసి, హుస్సేన్‌సాగర్ నాలా పొంగి, అశోక్‌నగర్, దోమలగూడ ప్రాంతాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మనలో చాలామంది ఇక్కడే ఉన్నారు. ఆ వరదలోనే మన విద్యానగర్‌కు కూతవేటు దూరంలో బాగ్‌లింగంపల్లిలో ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకీ నీరు చేరింది. అబ్దుస్ సమద్ ఖాన్ సాహెబుగారు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పాత పత్రికలు అక్కడ ఉండేవి. షికాగో విశ్వవిద్యాలయంవారు సైతం విలువ గుర్తించిన సేకరణ అది. అందులో చాలా భాగం నీటిపాలైంది. కొంత భాగాన్ని ఎంతో శ్రమపడి దక్కించుకున్నారు. ఉర్దూ చదువు చెప్పుకుని బతికే మాబోటివాళ్ళకు ఆ వార్త ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టే అనిపించింది. వేరేచోట నకలు ఉన్న పుస్తకం తడిస్తే పోయేది కాగితమే. నకలు లేని పుస్తకం తడిస్తే అందులో మాట కూడా పోతుంది.

ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాం. హార్డ్ డిస్కు అంటే లోపల గిరగిర తిరిగే పళ్ళేలు. సాధారణంగా నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతాయి. వాటిని చదివే ముల్లు పళ్ళెం మీద ఆనదు. వెంట్రుక మందంలో వేల వంతు ఎడంతో గాలిలో తేలుతుంది. కింద పడినా, కుదుపు తగిలినా ఆ ముల్లు పళ్ళేన్ని గీకుతుంది. ఏ దెబ్బా తగలకపోయినా తిరిగే వస్తువు ఒకనాటికి అరగక తప్పదు. కొత్తరకం డిస్కుల్లో తిరిగే పళ్ళేలు లేవు. అంతమాత్రాన అవి చిరంజీవులు కావు. అవి చెడిపోయినప్పుడు ముందుగా చప్పుడు కూడా చెయ్యవు.

దీనికి విరుగుడుగా రెండు డిస్కులను జంటగా పెట్టి, ఒకదానిలో రాసింది అదే క్షణాన రెండోదానిలోనూ రాయించే పద్ధతి ఉంది. అద్దంలో ప్రతిబింబం లాంటిది కనుక దీన్ని మిర్రరింగ్ అంటారు. మన భాషలో ఆయీనా అనుకోండి. ఇటువంటి పద్ధతులను వరసలో పెట్టి, రెయిడ్ అనే పేరుతో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1988లో ఒక వ్యాసం వెలువరించారు. జంటలో ఒక డిస్కు చచ్చినా రెండోది పని నడిపిస్తుంది. చచ్చినదాని స్థానంలో కొత్తది పెడితే బతికున్న డిస్కు నుంచి అంతా మళ్ళీ దానిలోకి ఎక్కుతుంది.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. అద్దం ముందు మనం నవ్వితే ప్రతిబింబమూ నవ్వుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది. ఒక డిస్కులో ఫైలు చెరిపితే రెండోదానిలోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. మాకు తెలిసిన ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది. జంట డిస్కులున్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఒక గుమాస్తా పాత ఫైళ్ళు తీసేస్తూ పిల్లల ఉపకార వేతనాల జాబితా ఉన్న ఫోల్డరును కూడా తీసేశాడు. రెండు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయి, జాబితా మాత్రం లేదు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవలసి వచ్చింది. కొందరు ఇళ్ళు మారిపోయారు, కొందరి తండ్రులు గల్ఫులో ఉన్నారు. గడువు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ముగ్గురు పిల్లలకు ఆ ఏడు డబ్బు రాలేదు. అందులో ఒక అమ్మాయి చదువు మానేసింది. ఫైలు పోయిందంటే ఏం పోయిందో మాకు ఆ రోజు తెలిసింది.

వైరసుల సంగతీ అంతే. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి, డబ్బిస్తేగానీ విప్పనన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అటువంటి తాళం పడితే అద్దంలోనూ తాళమే కనిపిస్తుంది.

కాబట్టి ఆయీనా వేరు, నకలు వేరు. యంత్రం ఆగకుండా నడవడానికి ఆయీనా. పోయింది తిరిగి రావడానికి నకలు. నకలు అంటే నిన్నటి స్థితిని, పోయిన వారం స్థితిని విడిగా తీసి, కంప్యూటరు నుంచి తీగ ఊడదీసి పక్కన పెట్టుకున్నది. మొత్తం డిస్కును ఉన్నది ఉన్నట్టుగా తీసుకునే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఇమేజ్ అంటారు. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. డిస్కు చెడినప్పుడు కొత్తదాని మీద ఆ ఇమేజ్ దించితే మొత్తం కంప్యూటరు, ఇమేజ్ తీసిన నాటి స్థితిలో, లేచి కూర్చుంటుంది.

తెలిసినవాళ్ళు ఒక చిన్న లెక్క చెబుతారు: మూడు, రెండు, ఒకటి. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. వేరే చోట అంటే పక్కింట్లో కాదు. విద్యానగర్ కంప్యూటరు నకలు అదే నాలా ఒడ్డున ఉన్న ఇంకో ఇంట్లో పెడితే వరదకు ఇద్దరూ ఒకటే. మెహదీపట్నంలోనో, టోలీచౌకీలోనో మిట్ట మీది ఇంట్లో, పై అంతస్తులో ఉండాలి. ఇది మనకు కొత్త పాఠం కాదు. పవిత్ర ఖురాన్ ఒకే పుస్తకంగా మిగలలేదు. హజ్రత్ ఉస్మాన్‌గారి కాలంలో ప్రతులు రాయించి వేర్వేరు పట్టణాలకు పంపారు. హాఫిజుల గుండెల్లో ఉన్నది సరేసరి.

ఇంకొక్క మాట. తిరిగి తీసి చూడని నకలును నమ్మరాదు. పిల్లవాడు పాఠం వచ్చిందంటే మేము నమ్మం, అప్పజెప్పమంటాం. అట్లాగే మూడు నెలలకొకసారి నకలు డిస్కు తీసి, వేరే కంప్యూటరులో నాలుగు ఫైళ్ళు తెరిచి చూడాలి.

మన సంఘానికి మా విన్నపం ఇది. రెండు బయటి హార్డ్ డిస్కులు కొందాం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకదానిలో నకలు తీద్దాం. నెలకొకసారి రెండూ మార్చి, ఒకటి దూరపు మొహల్లాలో ఉండే బాధ్యుల ఇంట పెడదాం. జనం ఆధారు నంబర్లు, బ్యాంకు వివరాలు వాటిలో ఉంటాయి కనుక పాస్‌వర్డు తాళం తప్పనిసరి. ఆ పాస్‌వర్డు ఒక్కరి తలలోనే ఉంచవద్దు, ఇద్దరు పెద్దలకు తెలిసి ఉండాలి. ఎవరు తీశారు, ఏ తారీకున తీశారు, ఒక నోటుపుస్తకంలో సంతకం చేయాలి.

అమ్మలకు, అక్కలకు కూడా ఒక మాట. పిల్లల మార్కుల జాబితాలు, నికానామా, ఇంటి కాగితాలు ఫోనులో ఫోటో తీసి ఊరుకోకండి. ఫోను పోతే అన్నీ పోతాయి. వాటిని ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి పుట్టింట్లో ఒకటి దాచండి.

డిస్కు మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ తన పేరు మన జాబితాలో ఉందని నమ్మిన పిల్లకు, ఆ జాబితా పోయిందని చెప్పే నోరు మనలో ఎవరికీ లేదు. ఆ అవసరం రాకుండా ఈ శుక్రవారం నుంచే పని మొదలుపెట్టమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.