అలంకారం పేరు తెలిస్తే చాలునా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతి తెలుగు పరీక్షలో అలంకారానికి ఏం రాసేవాళ్లమో మీకు గుర్తుండే ఉంటుంది. లక్షణం, ఉదాహరణ, సమన్వయం. మూడూ రాస్తే పూర్తి మార్కులు. వాటి పక్కన నాలుగో గడి ఒకటి గీసుకుందామని చెప్పడానికే నేనిక్కడ నిలబడ్డాను. ఆ గడి పేరు ఫలితం. ఆ మాట చదివినవాళ్ల మనసులో ఏం జరిగింది, చదివాక వాళ్లు ఏం చేశారు అన్నది అందులో రాయాలి.

దీనికి గట్టి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. 1990ల మొదట్లో ఇక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు రాత్రిబడిలో పలక పట్టారు. దూబగుంటలో ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించారు. ఆ సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. అది చదివిన వేరే ఊళ్లవాళ్లు, మన ఊళ్లో మాత్రం ఎందుకు మూయించలేమని లేచారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది.

ఇప్పుడు ఆ శీర్షికను తెలుగు మాస్టారి కళ్లతో చూద్దాం. ఉన్నవి రెండే మాటలు. ‘మహిళలు’ అనలేదు, ‘స్త్రీలు’ అనలేదు, వాళ్లు రోజూ వాడుకునే ‘ఆడవాళ్లు’ అనే అన్నారు. చదివే మనిషికి అది తన సంగతే అనిపిస్తుంది. ఇక ‘ఏకమైతే’ చేదర్థకం. వాక్యం సగంలో ఆగిపోయింది. ఏకమైతే ఏమవుతుంది? ఆ మిగతా సగం చదివినవాళ్లే పూర్తి చేసుకోవాలి. ఎదుటివాడు చెప్పిన మాటకంటే మనం పూర్తి చేసుకున్న మాట మనల్ని గట్టిగా కదిలిస్తుంది.

అయితే పాఠం ఒక్కటే దుకాణాలు మూయించిందంటే అది అతిశయోక్తి. కూలి డబ్బులు సారాకు పోవడం, తాగొచ్చిన మొగుడి చేతి దెబ్బలు, అవన్నీ వాళ్లకు ముందే అనుభవం. పాఠం ఆ అనుభవానికి మాట ఇచ్చింది.

మన ఆలంకారికులు చెప్పే మాట మూడు రకాలన్నారు. రాజులా ఆజ్ఞాపించేది ప్రభుసమ్మితం. స్నేహితుడిలా నచ్చజెప్పేది మిత్రసమ్మితం. ప్రియురాలిలా మనసు కరిగించి ఒప్పించేది కాంతాసమ్మితం. ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అని సీసా మీదుండేది మొదటి రకం. దూబగుంట పాఠం కథ చెప్పి కదిలించింది.

అదే నేర్పు మన జేబు మీదకూ వస్తుంది. ఫలితాల రోజున టీవీలో ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు’ అని కాలేజీల ర్యాంకులు మోగుతుంటాయి. ఒకే అంకె మళ్లీ మళ్లీ వినబడితే, ఆ కాలేజీలో చేరినవాళ్లందరికీ అదే వస్తుందనిపిస్తుంది. మొత్తం ఎంతమంది రాశారన్న అంకె అందులో ఉండదు. చెప్పిన మాటకు ఎంత బలముందో, చెప్పకుండా వదిలిన మాటకూ అంతే ఉంది. అప్పు చేసి ఫీజు కట్టే తండ్రి ఆ లేని అంకెనే అడగాలి.

మనది సముద్రపు ఒడ్డు. వాయుగుండం పట్టినప్పుడు వాతావరణ శాఖ ప్రకటన చూడండి. తీరం ఎక్కడ దాటుతుంది, ఎప్పుడు, గాలి వేగమెంత, వేటకు వెళ్లొచ్చా లేదా. కృష్ణపట్నం రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరుకు విశేషణమే ఉండదు. అదే సమయానికి ఫోన్లో ‘ముంచుకొస్తున్న మృత్యువు’, ‘రాకాసి అలలు’ అని వీడియోలు తిరుగుతాయి. రూపకం బాగానే ఉంది, ఫలితమే చెడ్డది. నాలుగుసార్లు అట్లా భయపడి, ఏమీ కాకపోతే, ఐదోసారి నిజమైన హెచ్చరికకు కూడా ‘యాడికి పోతాంలే అబ్బయ్యా’ అని ఇల్లు కదలని మనిషి ఉంటాడు. ‘నాన్నా పులి’ కథ మనకు కొత్త కాదు గదా.

అట్లాగని అలంకారం మోసం కాదు. అది కత్తిపీట లాంటిది, కూరా తరుగుతుంది, వేలూ తెగుతుంది. తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ఒక ప్రకటన తీసుకుని పెన్సిలుతో విశేషణాలన్నీ కొట్టేయండి. మిగిలిందేమిటో చదవండి. ఏమీ మిగలకపోతే, అది మన మెదడుతో మాట్లాడటం లేదన్న మాట.

సంఘం పెద్దలకు ఒక మనవి. ఏటా వక్తృత్వ పోటీలు పెడుతున్నాం, మాట్లాడటం నేర్పుతున్నాం. ఈ ఏడాది నుంచి వినడానికి కూడా ఒక బహుమతి పెడదాం. ప్రతి పిల్లవాడూ ఒక ప్రకటననో, ఫోన్లో వచ్చిన సందేశాన్నో తెచ్చి నాలుగు గడులూ నింపాలి. మూడు గడులు మన మాస్టార్లు ఎప్పుడో నేర్పారు. నాలుగోది పిల్లల చేత మనం నింపిద్దాం.