గ్రామకంఠము - ఇంటి హద్దు

పెద్దారవీటి సోదరులారా! గ్రామకంఠమున నిండ్లు గలవారిలో ననేకులకు హక్కుపత్రములు లేవు. తాతలనాటి స్వాధీనమే సాక్ష్యము. ఇంటిపన్ను రశీదు చూపి నిశ్చింతగా నున్నవారిని మేము న్యాయస్థానములలో నెందరినో చూచితిమి. పాపము, రశీదు పన్ను చెల్లించితిమని చెప్పునే గాని, స్థలము మనదని చెప్పదు.

2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన స్వామిత్వ పథకము డ్రోనులతో గ్రామనివాసస్థలములను కొలిచి, యజమానులకు ఆస్తిపత్రము లొసగుటకై యేర్పడినది. మంచిదే. కాని యాకాశమునుండి చూచిన కప్పు కనబడును. చూరుక్రింది హద్దు కనబడునా? కావున కొలతకు ముందే యిరుగుపొరుగులు కూడి, సున్నముతో హద్దు గీయవలెను.

మరి వీధిలోనికి జరిపిన యరుగుల మాట? 1994వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టముచే గ్రామవీధులు పంచాయతీవి. మార్కాపురపు పలకరాళ్లు పరచినంతమాత్రమున అవి మనవి కావు. కొలతవారు రాకమునుపే వానిని తీసివేయుడు.