కుక్కపిల్ల దుడుకుతనము



నేడు నేను మాటాడబూనిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ముప్పదియేండ్లకు పైగా వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడొకడు రేడియోలో కుక్కపిల్లను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వినను దోషము లేదు. కాని కుక్క లేని వీధి మన పల్లెలలో లేదు. పడుచుకుక్క దుడుకుతనముచేత విసుగు చెందని యిల్లును అరుదు. ఆ విసుగులో నేను చేసిన తప్పును, దానిని దిద్దుకొన్న విధమును మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

2021వ సంవత్సరము శ్రావణమాసమున మా మనుమడు చెరువుగట్టున దొరికిన నాటుకుక్కపిల్లను చొక్కాలో దాచి యింటికి తెచ్చెను. దాని వయస్సు రెండు నెలలుండును. మోతి యని పేరు పెట్టినాడు. మొదట దాని గంతులు మాకు ముచ్చటగనే యుండెను. మీదికెగబ్రాకిన నవ్వితిమి, చేతిని కొరికిన మురిసితిమి. ఐదవ మాసము నిండునప్పటికి అది ఇల్లు పీకి పందిరి వేయసాగెను. ఆరవేసిన బట్టలను లాగివేయును. కోళ్లను తరుమును. ఎండబెట్టిన వడియములపై పొర్లును. గడప త్రొక్కిన ప్రతివారి మీదికి ఎగురును. ఒకనాడు పొరుగింటి ముసలమ్మ పాలచెంబుతో వచ్చుచుండగా నామె మీద కురికెను. ఆమె మెట్టుపై పడి మణికట్టు బెణకినది. “అన్నయ్యగారూ, ఈ వాడలో ఇదైనా ఉండాలి, నేనైనా ఉండాలి” అని యామె కన్నీళ్లతో పలికెను. మా కోడలు, “మామయ్యగారూ, దీన్ని ఏ సంతలోనో వదిలి రమ్మనండి” అనెను. మనుమడు ఆ రాత్రి అన్నము ముట్టలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పెదను. పాఠశాలలలో శారీరకదండనమును నిషేధించిన విద్యాహక్కు చట్టము 2009లో వెలువడి, మరుసటి యేట అమలులోనికి వచ్చినప్పుడు నా బెత్తమును అటకపై పెట్టియుంటిని. దానిని మరల దింపితిని. పగలెల్ల కుక్కను వేపచెట్టునకు గొలుసుతో కట్టితిని. సాయంకాలము విడిచినప్పుడు ఎగిరినచో కొట్టితిని. ఫలమేమి? పగలంతయు పోగుపడిన సత్తువ సాయంకాలము రెండింతలై బయటపడెను. కొట్టినకొలది వెఱ్ఱిగంతులు హెచ్చెను గాని తగ్గలేదు. ఒకనాడు చిలుకకొయ్యనున్న ఉత్తరీయమునకై నేను చేయి యెత్తగా, అది తన్నే కొట్టుదునని తలచి, మంచము క్రిందికి ప్రాకి, భయముతో అచ్చటనే మూత్రము విడిచినది. మా మనుమడది చూచి, “తాతయ్యా, బళ్లో పిల్లల్ని కూడా ఇట్లాగే కొట్టేవాడివా?” అని యడిగెను.

నేను బదులు చెప్పలేకపోతిని. నా తరగతిలో ఒక బాలుడుండెడివాడు. పీటపై క్షణము నిలిచి కూర్చుండలేడు; కిటికీకిని తలుపునకును తిరుగుచుండును. వానిని నేను కొట్టని దినము లేదు. వాడు ఏడవ తరగతిలోనే చదువు మానివేసెను. అందులకు నే నొక్కడనే కారణము కాకపోవచ్చును. నేను కారణము కానని మాత్రము చెప్పజాలను.

భారతము ఆదిపర్వమున సరమావృత్తాంతమును నేనెన్ని పర్యాయములు పాఠము చెప్పితినో లెక్క లేదు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా, దేవశునియైన సరమ కుమారుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. సరమ వచ్చి, “నా బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏమి తప్పునకు కొట్టితిరి?” అని యడుగగా ఎవ్వరికిని నోట మాట రాలేదు. అకారణముగా కొట్టినందున ఊహింపని భయము కలుగునని యామె శపించెను. అర్థతాత్పర్యములతో చెప్పిన కథ నాకు అరువది దాటిన పిదప మా యింటి మంచము క్రింద అర్థమైనది.

మరునాడు మోతిని మండలకేంద్రమందలి పశువైద్యుని కడకు గొంపోతిని. ఆయన దానిని పరీక్షించి, “ఇది రోగము కాదు పంతులుగారూ, వయసు. దీనికి పని లేదు, నిద్ర లేదు, నియమము లేదు” అనెను. ఆ మూడు మాటలే నాకు సూత్రములైనవి.

మొదటిది పని. తెల్లవారుజామున ఎండ యెక్కకమునుపు అరగంట, ప్రొద్దుగ్రుంకిన పిదప అరగంట పొలముగట్ల వెంట త్రాటితో నడిపింపవలెను. మధ్యాహ్నము కూడదు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. ముఖ్యముగా నాలుక చాచి రొప్పుటచేత అది వేడిమిని వెలుపలికి పంపును. మన అరచేతి వెనుకభాగమును నేలపై ఏడు లెక్కించువరకు ఉంచలేకపోయినచో, ఆ నేల దాని పాదములకును కాలుననుట నిశ్చయము. కాళ్లకంటె ముక్కునకు పని కల్పించుట మేలు. జొన్నరొట్టె ముక్కలను తట్టలో కొబ్బరిపీచు నడుమ దాచి వెదకుమనిన, పావుగంటలో అది తృప్తిగా అలసి పండుకొనును. వాసన పట్టుట కుక్కకు పుట్టువిద్య; విద్యను వాడనిచ్చినచో మనస్సు కుదుటపడును.

పండ్ల మాట కూడ చెప్పవలెను. కుక్కపిల్లకు పాలపండ్లు 28. నాలుగవ మాసము మొదలు ఏడవ మాసమువరకు అవి రాలి, 42 గట్టిపండ్లు వచ్చును. ఆ కాలమున చిగుళ్లు దురదపెట్టి కనబడినదెల్ల కొరుకును. పాతతువాలును తడిపి ముడివేసి నమలనిండు. వండిన యెముకలు పెట్టకుడు. అవి చీలికలై కడుపులో గ్రుచ్చుకొనును. ఆటలో మన చేతికి పండ్లు తగిలిన క్షణముననే ఆట ఆపి లేచి పొండు.

రెండవది నిద్ర. పసికుక్క దినమునకు 18 గంటలవరకు నిద్రించును. పెండ్లియింట నిద్రచాలని చంటిపిల్ల పేచీ పెట్టుట మనమెరుగుదుము గదా! కుక్కపిల్ల సంధ్యవేళ పట్టపగ్గములు లేక పరుగిడుట పలుమారు అట్టిదే. ఇంటి మూల నీడపట్టున గోనెసంచి పరచి, అది పరుండినప్పుడు ఎవ్వరును లేపకుండ చూడవలెను.

మూడవది నియమము. అమెరికాదేశీయుడగు థార్న్‌డైక్ పండితుడు పిల్లులను, కుక్కలను పెట్టెలలో నుంచి, అవి బయటపడు విధమును పరిశీలించి 1898లో ప్రకటించెను. మేలు కలిగించిన పనిని జంతువు మరల చేయును, కలిగింపని పనిని విడుచునని యాయన పరిశోధనల సారము. మోతి యెగిరినప్పుడు మేమేమి చేసితిమి? నవ్వితిమి, నెట్టితిమి, అరచితిమి. దానికి అన్నియు మన్ననలే. ఊరకున్నప్పుడో, దానివైపు చూచినవారే లేరు. అనగా దుడుకుతనమునకు కూలి యిచ్చి, నెమ్మదికి పస్తు పెట్టితిమన్నమాట.

ఇది తెలిసిన పిదప ఇంటివారమందరము ఒక కట్టడి చేసికొంటిమి. ఎగిరినచో మాటాడక, చూడక, వెనుదిరిగి నిలుచుట. నాలుగుకాళ్లు నేలనానినంతనే మెల్లగా పేరు పిలిచి వీపు నిమురుట. గోనెసంచిపై దానంతటది పరుండినప్పుడు చప్పుడు చేయక చిన్నముక్క ముందుంచుట. ఇంటిలో ఒక్కరు తప్పినను ఈ నియమము చెడును. మరొక హెచ్చరిక: మొదటి దినములలో దుడుకు తగ్గుటకు మారు హెచ్చును. ఇన్నాళ్లు దొరికిన కూలి యేల దొరకదని అది మరింత గట్టిగా అడుగును. అప్పుడు లోబడితిమా, గట్టిగా అడిగిన దొరకునను పాఠమే నేర్చును. మాకు మొదటివారము కష్టముగా గడచెను. మూడవవారమున నేను వీధిలోనుండి రాగా మోతి తోక యూపుచు, ఎగురక, నా యెదుట కూర్చుండెను. చేయి చాపితిని. మొదట చెవులు వెనుకకు వ్రాల్చినది, కాని పారిపోలేదు. ఆ వెరపు పూర్తిగా పోవుటకు ఏడాది పట్టినది. దుడుకు మూడు వారములలో తగ్గినను, నా దెబ్బ నాటిన భయము అంత సులభముగా పోలేదని మీరు గ్రహింపవలెను.

ఇక ముఖ్యమైన విషయము. మూడు నెలల వయస్సున రేబీసు టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. ఆటలోనైనను పన్ను గీరుకొనినచో గాయమును సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి, తక్షణమే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము పెట్టి యూరకుండరాదు. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప ప్రాణము దక్కుట దాదాపు లేదు. నెమ్మదిగా నున్న కుక్క యకస్మాత్తుగా మారి కనబడినదంతయు కొరుకుచున్నను, చొంగ కార్చుచున్నను, దానిని దుడుకని తలపక, దగ్గరకు పోక పశువైద్యునకు తెలుపవలెను.

పొరుగింటి ముసలమ్మ మణికట్టు నయమై రెండు నెలల పిదప మా గడప త్రొక్కెను. మోతి గోనెసంచిమీదనుండి లేచి, మా మనుమని వైపు చూచి, మరల కూర్చుండెను. ఆమె నివ్వెరపోయి, “అన్నయ్యగారూ, దీనికేం మందు పెట్టారు?” అని యడిగెను. పెట్టిన మందు వేరేదియు లేదు. నెమ్మదిగా నున్నప్పుడు చూచుట నేర్చుకొంటిమి, అంతియే.

బాల్యమున పొంగెడు సత్తువ కుక్కపిల్లకైనను, పసివానికైనను నేరము కాదు. దానికి దారి చూపుట పెద్దల పని. ఆ పని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మీ యింట దుడుకుపిల్ల యేది యున్నను, మీరంత ఆలస్యము చేయకుందురుగాక. నా బెత్తము ఇప్పుడు పెరటిలో చిక్కుడుపాదునకు ఊతగా నున్నది.