ఇల్లు విడిచిన పిల్లలకు 1098



ఒకప్పుడు మన ఊళ్లలో కుర్రాడు కనపడకపోతే, "మద్రాసు రైలెక్కి ఉంటాడు, సినిమాల పిచ్చి" అనేవారు. తరవాత మద్రాసు పోయి హైదరాబాదు కృష్ణానగర్ వచ్చింది. ఆ పిచ్చితో వెళ్లేవాళ్లు ఇప్పటికీ లేకపోలేదు. కానీ ఇవాళ ఇల్లు విడిచిన పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల్ని నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే వేరే సంగతులు బయటికొస్తాయి. ఇంటర్ హాస్టల్లో ఊపిరాడక గోడ దూకినవాడు ఒకడు. తండ్రి రోజూ తాగొచ్చి కొడుతుంటే తట్టుకోలేక వచ్చినవాడు మరొకడు. పదో తరగతి కాగానే పెళ్లి చేసేస్తారని తెలిసి బస్సెక్కిన ఆడపిల్ల ఇంకొకతె. సెల్‌ఫోన్ లాక్కున్నారన్న అలకతో వచ్చినవాళ్లూ ఉంటారు. బయటివాళ్లకు అది చిన్న విషయంగానే కనిపిస్తుంది. ఆ వయసులో అది చిన్నది కాదు.

విజయవాడ స్టేషన్‌నే తీసుకోండి. పది ప్లాట్‌ఫారాలు, నాలుగు దిక్కుల నుంచీ రైళ్లు. ఇలా వచ్చి చేరే పిల్లల కోసమే ఆ ఊళ్లో 1989లో నవజీవన్ బాలభవన్ మొదలైంది, డాన్ బాస్కో సంస్థ ఫాదర్ల చేతుల మీదుగా. స్టేషన్లలో తిరిగే కార్యకర్తలు ఇలాంటి పిల్లల్ని ఇట్టే పోల్చుకుంటారు. భుజాన స్కూలు బ్యాగుంటుంది. అందులో పుస్తకాలుండవు, రెండు జతల బట్టలుంటాయి. జనరల్ బోగీ దిగినవాళ్లంతా గేటు వైపు నడుస్తుంటే ఆ పిల్లవాడు మాత్రం కుళాయి దగ్గరే తచ్చాడతాడు. ఖాకీ బట్టలు కనపడితే మొహం తిప్పుకుంటాడు. పని తెలిసిన కార్యకర్త "నీ పేరేంటి, ఏ ఊరు" అని మొదలుపెట్టడు. "తిన్నావా?" అంటాడు. ఇడ్లీ పొట్లం సగమయ్యాక ఆ పిల్లవాడు ఏదో ఒక ఊరి పేరు చెబుతాడు. అది తరచుగా అబద్ధమే అవుతుంది. అసలు ఊరి పేరు రావడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.

అదే ప్లాట్‌ఫారం మీద అదే పిల్లవాణ్ని ఇంకొకడు కూడా చూస్తుంటాడు. వాడూ "తిన్నావా" అనే అడుగుతాడు. హోటల్లో పనుంది, భోజనం పెట్టి జీతమిస్తారు, రమ్మంటాడు. ఆడపిల్లయితే ఇంకా తియ్యగా మాట్లాడతాడు. ఇద్దరిలో ఎవరు ముందు చేరుకుంటారన్న దాని మీదే ఆ బిడ్డ బతుకు ఆధారపడి ఉంటుంది.

అందుకే పిల్లల కోసం ఫోను సాయం పుట్టింది. 1996లో ముంబయిలో జెరూ బిలిమోరియా అనే ఆవిడ, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అండతో, చైల్డ్‌లైన్ మొదలుపెట్టారు. నంబరు 1098. తరవాత అది దేశమంతా పాకింది. 2023 నుంచి దాన్ని ప్రభుత్వాలే నేరుగా నడుపుతూ, అత్యవసర నంబరు 112తో కలుపుతూ వచ్చాయి. రైల్లోనో స్టేషన్లోనో పిల్లలు ఒంటరిగా కనిపిస్తే రైల్వే నంబరు 139కి చెప్పినా సరే, ఎదురుగా ఉన్న రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) జవానుకు చెప్పినా సరే.

దొరికిన పిల్లల్ని ఏం చేస్తారని చాలామందికి భయం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం వాళ్లు నేరస్థులు కారు, రక్షణ కావలసిన పిల్లలు. వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అందులో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులుంటారు. వాళ్లు బిడ్డ మాట వింటారు, ఇంటి పరిస్థితి విచారిస్తారు. ఇంటికి పంపడం మంచిది కాదనిపిస్తే బాలల సదనంలో ఉంచుతారు. నాకు ఈ చట్టంలో బాగా నచ్చింది ఇదే. తల్లిదండ్రులు వచ్చారు కదా అని, కొట్టే చేతికే బిడ్డను తిరిగి అప్పగించనక్కర్లేదు.

ఇక కుటుంబాల సంగతి. మన ఇళ్లలో మొదట అడ్డొచ్చేది పరువు. మేనమామ ఇంటికి వెళ్లిందేమో, స్నేహితుల దగ్గరున్నాడేమో అని రెండు రోజులు గుట్టుగా వెతుకుతారు. నలుగురికీ తెలిస్తే, అందులోనూ ఆడపిల్లయితే, రేపు సంబంధాలు రావేమోనని బెంగ. ఆ రెండు రోజుల్లో రైలు ఢిల్లీ దాటిపోతుంది. "ఒక రోజు ఆగి రండి" అని పోలీసు స్టేషన్లో ఎవరైనా అంటే వినకండి. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. తమ పరిధి కాదని వాళ్లంటే, పరిధితో పని లేని జీరో ఎఫ్‌ఐఆర్ రాయమనండి. ఈమధ్య తీసిన ఫొటో, వేసుకున్న బట్టల రంగు, ఒంటి మీది పుట్టుమచ్చలు, వాడే ఫోన్ నంబరు, ఇవన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంచిన ఫొటోను, బిడ్డ దొరికాక తీసెయ్యమని అందరికీ చెప్పండి. లేకపోతే అది ఏళ్ల తరబడి ఊరేగుతూనే ఉంటుంది.

బిడ్డ ఇంటికొచ్చిన రోజు చుట్టాలందరినీ పోగెయ్యకండి. "ఎందుకెళ్లావు?" అన్న ప్రశ్న ఆ రాత్రికి వద్దు. అన్నం పెట్టి పడుకోనివ్వండి. మనసు బాగాలేదనిపిస్తే, బిడ్డకైనా మీకైనా, ప్రభుత్వ మానసిక సాయం టెలిమానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లో ఉండలేక బయల్దేరాలనుకుంటున్న పిల్లలెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, రైలెక్కే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి. 1098. దానికి డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.