నెలలు నిండని శిశువుల పరిచర్య



ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ దక్కదు అను మాట మన పల్లెలలో చిరకాలముగా నున్నది. ఇది నిజము కాదు. గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే గనుక, ఎనిమిదవ నెల బిడ్డకే ఆశ ఎక్కువ. 37 వారములు నిండకముందు పుట్టిన బిడ్డను వైద్యులు నెలలు నిండని శిశువందురు. అట్టి బిడ్డ విషయమున ఇంటి పెద్దలు ఆశ వదలుకొనరాదు.

చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి ప్రాంతములవారు ఇట్టి శిశువులను తిరుపతి ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలకో, వేలూరుకో కొనిపోవుట కలదు. అచ్చటి గాజుపెట్టెలను, యంత్రములను చూచి, బిడ్డను కాపాడునవి అవియే యని మనము తలంతుము. యంత్రము ఊపిరికిని వెచ్చదనమునకును తోడ్పడును. కాని బిడ్డ ఎదుగుదలకు నర్సుల పరిచర్యయు, తల్లి సాన్నిధ్యమును అంతే అవసరము.

కారణము వినుడు. గర్భము చీకటిది, వెచ్చనిది. బిడ్డ కాలుసేతులు ముడుచుకొని అందు నిద్రించుచుండును. మెదడు మిక్కిలి వేగముగా పెరుగునది ఆ చివరి నెలలలోనే. అప్పుడే వెలుతురులోనికి, సందడిలోనికి వచ్చిపడిన శిశువు ఉలికిపడును. ఊపిరియు గుండెయు తడబడును. పెరుగుటకు వలసిన శక్తి వ్యయమగును. అందుచేత తెలిసిన నర్సు దీపము తగ్గించును, పెట్టెపై గుడ్డ కప్పును, మెల్లగా మాటాడును. గుడ్డను చుట్టి పక్షిగూడువలె బిడ్డ చుట్టును అమర్చును. మాటిమాటికి తాకక, పనులన్నియు ఒక్కమారే ముగించి నిద్రపోనిచ్చును. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట, ఈ మూడును సుమారు 34 వారములకు గాని పొందికగా కుదురవు. అంతవరకు తల్లిపాలను సన్నని గొట్టముతోనో, మన ఉగ్గుగిన్నెతోనో పట్టుదురు.

వీటికి తోడు తల్లి ఎద వెచ్చదనము కావలయును. 1978లో కొలంబియా దేశపు రాజధానియగు బొగొటాలో, గాజుపెట్టెలు చాలక, డాక్టరు ఎడ్గార్ రే గారు శిశువులను తల్లుల ఎదపై ఒడలు ఒడలిని తాకునట్లు కట్టించిరి. కంగారూ తన సంచిలో పిల్లను మోయునట్లుండుటచే దీనికి కంగారూ సంరక్షణ యని పేరు. ఢిల్లీలోని ఒక ఆసుపత్రియు, ఆఫ్రికాలోని నాలుగు దేశముల ఆసుపత్రులును కలసి చేసిన పరిశోధన 2021లో వెలువడినది. 1 కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుగల శిశువులలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలిడినచోట 28 దినములలో 100కి 12 మంది చనిపోయిరి. స్థిమితపడిన పిదప మొదలిడినచోట సుమారు 16 మంది. దినమునకు 8 గంటలకు తక్కువ కాకుండ ఇట్లు చేయవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

తల్లి అన్ని గంటలు ఆసుపత్రిలో నుండినచో ఇంట వంటయు, పశువులును, పెద్దపిల్లలును ఎవరు చూతురు? పెద్దల మాట ఇచ్చటనే పనికివచ్చును. ఇంటిపని తక్కినవారికి పంచుడు. పురుడని, మైలయని తల్లిని బిడ్డకు దూరము చేయకుడు. ఆమె అలసినప్పుడు తండ్రియు, అవ్వయు తమ ఎదపై బిడ్డను పెట్టుకొనవచ్చును. బంధువులు గుంపుగా చూడబోవుట మానుడు. ఖర్చునకు వెరచి బిడ్డను మధ్యలో ఇంటికి తేవలదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమముచే ప్రభుత్వ వైద్యశాలలలో జబ్బుపడిన పసికందులకు చికిత్స ఉచితము. ఇంటికి వచ్చిన పిదపను, డాక్టరు చెప్పిన దినమున కంటి పరీక్ష తప్పక చేయింపుడు. ఆలస్యమైనచో చూపు పోవచ్చును.

ఇట్టి బిడ్డ మీ ఇంట పుట్టినచో, తల్లి ఎదపై ఎప్పటినుండి ఉంచవచ్చునని నర్సమ్మను ముందుగా అడుగుడు.